తాబేలు దత్తత సభ్యత్వం: బొమ్మ కన్నా ఉత్తరాలే మేలు

వన్యప్రాణుల, సముద్ర జీవుల పరిరక్షణ కోసం ప్రచారం చేసే ఒక సంస్థ ఆన్‌లైన్‌లో అందిస్తున్న ‘తాబేలు దత్తత’ సభ్యత్వాన్ని కొంతకాలంగా వాడుతున్నాను. చందా కట్టినవారికి దత్తత పత్రం, మెత్తని బొమ్మ, ఒక తాబేలు కదలికలను చూపే పటం లభిస్తాయి. వీటితోపాటు, నిర్ణయాధికారం ఉన్నవారికి సంస్థ రాసిపెట్టిన ప్రచార ఉత్తరాలను మన తరఫున పంపే అవకాశం ఉంటుంది.

బొమ్మ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ వ్యర్థాలపై పోరాడే సంస్థ దానిని ప్లాస్టిక్ సంచిలోనే పెట్టి పంపడం విడ్డూరం. జెల్లీచేపలను తిని బతికే లెదర్‌బ్యాక్ తాబేళ్లు నీటిలో తేలే సంచులను మింగుతాయని అదే పెట్టెలోని కరపత్రం చెబుతోంది మరి!

పటం ఆసక్తికరంగానే ఉంది గాని, దానిని ఎలా చదవాలో ఎక్కడా వివరించలేదు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చిన ఆడ తాబేలు పెంకుపై సంకేతాలు పంపే పరికరాన్ని అతికిస్తారు. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి వచ్చినప్పుడు మాత్రమే దాని సంకేతం ఉపగ్రహానికి అందుతుంది. కొన్ని నెలలు గడిచాక పరికరం ఊడిపోవచ్చు, బ్యాటరీ అయిపోవచ్చు. ఇది తెలియని సభ్యులు పటంలో చుక్క ఆగిపోగానే తాబేలు చనిపోయిందని బెంగపడతారు.

ఈ సభ్యత్వానికి అసలు విలువ తెచ్చేది ప్రచార ఉత్తరాలే. ‘సముద్రాన్ని కాపాడండి’ అనే గాలిమాటలతో సరిపెట్టకుండా, ప్రతి ఉత్తరం నిర్ణయాధికారం ఉన్నవారిని ఒకే నిర్దిష్టమైన కోరిక కోరుతుంది. ఉదాహరణకు, రొయ్యల కోసం పడవ వెనుక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలకు, తాబేళ్లను తప్పించే ‘టెడ్’ అనే పరికరాన్ని తప్పనిసరి చేయాలన్న ఉత్తరంలో దాని పనితీరును చక్కగా వివరించారు: వల మెడలో ఏటవాలుగా బిగించిన కమ్మీల చట్రం సందుల్లోంచి రొయ్యలు వెనుక సంచిలోకి జారిపోతాయి, తాబేలు మాత్రం చట్రానికి తగిలి పక్కనున్న తెరుపు గుండా బయటపడుతుంది. రొయ్యలు కూడా కొన్ని పోతాయన్న మత్స్యకారుల అభ్యంతరాన్ని దాచకుండా ప్రస్తావించడం నాకు నచ్చింది. వారి జీవనాన్ని పట్టించుకోని ప్రచారం రేవు దాకా కూడా చేరదు. ఇటువంటి ఒత్తిడి వృథా పోదనడానికి గతంలో ఆధారం ఉంది. ప్రవాహంతో కొట్టుకుపోతూ ఎదురైన జీవులను చిక్కించుకునే డ్రిఫ్ట్ వలలపై ఆందోళన పెరిగాక, బహిరంగ సముద్రాల్లో భారీ డ్రిఫ్ట్ వలల వేటను 1992 చివరికల్లా నిలిపివేయాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1991 డిసెంబరులో తీర్మానించింది.

ఉత్తరంలోని మాటలను మనకు తగినట్టు మార్చుకునే వీలుంది. అయితే పంపిన తరువాత ఏం జరిగిందో తెలియదు. కృతజ్ఞతల పేజీ, దాని కిందనే మరో విరాళం మీట, అంతే. జవాబు వచ్చిందా, నిబంధన మారిందా అన్న సమాచారం సభ్యులకు ఇవ్వకపోవడం పెద్ద లోపం.

అయిదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. చేరదలచినవారు చెల్లింపు పేజీ అడుగున ఉన్న ‘కానుక వద్దు’ అనే గడిలో టిక్ పెడితే బొమ్మ రాదు, ఉత్తరాల సేవ మాత్రం యథాతథంగా అందుతుంది.