ఒక్క మనిషా, ఇద్దరా? బడి పిల్లలున్న ఇంటికి ఏది మేలు

మా చిన్నవాడి గడ్డం కింద మూడు కుట్ల మచ్చ ఉంది. 2023 జూలైలో ఒక సాయంత్రం, నాలుగు దాటిన వేళ తగిలిన దెబ్బ అది. స్కూలు బస్సు దిగి, భుజాన సంచి ఉండగానే పరుగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. హాల్లో అప్పుడే తడిగుడ్డ పెట్టారు. నేల ఇంకా ఆరలేదు. కాలు జారి సోఫా చెక్క అంచుకు గడ్డం కొట్టుకుంది. ఇల్లు తుడిచే ఆవిడ బాల్కనీలో గుడ్డ పిండుతోంది. పిల్లలను చూసుకోవడానికి పెట్టుకున్న అమ్మాయి వచ్చే వేళ నాలుగున్నర. నేను విజయవాడ బందరు రోడ్డులో ఆఫీసులో ఉన్నాను. పటమటలోని మా ఇంటికి చేరేసరికి వాచ్‌మన్ భార్య వాడి గడ్డానికి తువ్వాలు అదిమిపట్టి మెట్ల మీద కూర్చుని ఉంది.

ఆ రోజు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చింది. నాలుగు రోజులు పోయాక ఆలోచిస్తే, వాళ్ళు తమ తమ పనులు అనుకున్న వేళకు అనుకున్నట్టే చేశారని అర్థమైంది. నాలుగు నుంచి నాలుగున్నర దాకా పిల్లలు ఎవరి బాధ్యత అన్నది మేమే తేల్చలేదు. ఆ దసరా సెలవులు ముగిసిన దగ్గర నుంచి మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఇంటి పనీ ఆవిడే, పిల్లల బాధ్యతా ఆవిడే. కానూరు నుంచి, గుణదల నుంచి తెలిసినవాళ్ళు ఏది మేలని అడుగుతూ ఉంటారు. రెండు పద్ధతులూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. చంటిబిడ్డ ఉన్న ఇంటి లెక్క వేరు, బడికి వెళ్ళే పిల్లలున్న ఇంటి లెక్క వేరు. చంటిబిడ్డకు రోజంతా మనిషి కావాలి. నాలుగో తరగతి పిల్లవాడు, ఏడో తరగతి అమ్మాయి ఉదయం ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం నాలుగుకు వస్తారు. పొద్దున్న హడావిడి ఎలాగూ అమ్మానాన్నలదే. అసలు అవసరం నాలుగు నుంచి ఏడు దాకా. ఆ మూడు గంటలు ఎవరి చేతిలో పెడుతున్నాం అన్నదే ప్రశ్న. అంట్లు, బట్టలు, ఊడవడం, తుడవడం దాని చుట్టూ సర్దుకోవలసిన పనులు. చాలామంది దీన్ని తలకిందులు చేసి, ముందు ఇంటి పనికి మనిషిని కుదుర్చుకుని, ఆనక “పిల్లలను కూడా కాస్త చూస్తూ ఉండమ్మా” అంటారు. ఆ “కాస్త” అన్న మాటలోనే ఇబ్బందులన్నీ ఉన్నాయి.

ఇద్దరిని పెట్టుకోవడంలో లాభాలు లేకపోలేదు. అంట్లకు, ఇల్లు ఊడ్చి తుడవడానికి, బట్టలకు మేం నెలకు 3,500 రూపాయలు ఇచ్చేవాళ్ళం. సాయంత్రం అమ్మాయికి 5,000. మొత్తం 8,500తో గడిచిపోయేది. ఒకరు మానేసిన రోజు రెండోవారు వస్తారు కాబట్టి ఇల్లు పూర్తిగా స్తంభించదు. పిల్లల కోసం వచ్చే అమ్మాయి కొంచెం చదువుకున్నదైతే హోంవర్క్ దగ్గర కూర్చుంటుంది.

చిక్కల్లా ఎవరి పనో తెలియని చిన్న పనుల దగ్గర వస్తుంది. అయిదు గంటలకు పిల్లలు తాగిన పాలగ్లాసు ఎవరు కడగాలి? యూనిఫాం చొక్కాకు బొత్తాం ఊడితే ఎవరు చూడాలి? “అది నా పని కాదండీ” అన్న మాట ఇద్దరి దగ్గరా విన్నాను. ఇద్దరూ న్యాయంగానే అన్నారు. అంతకన్నా బాధ పెట్టింది మరొకటి. రోజుకు రెండున్నర గంటల పని, దానికి తగ్గ జీతం. అంతకన్నా మంచి పని దొరకగానే ఎవరైనా వెళ్ళిపోతారు. పద్నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. మూడో అమ్మాయి వచ్చిన రోజు రాత్రి మా పెద్దది అన్నం తింటూ, “అమ్మా, ఈ అక్క ఎన్నాళ్ళుంటుంది?” అని అడిగింది. గొంతులో ఆసక్తి లేదు. రేపు వాన పడుతుందా అని అడిగినట్టు అడిగింది.

ఇప్పుడు ఒక్కరి సంగతి. మా దగ్గర పని చేసే ఆవిడ మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చి రాత్రి ఏడుకు వెళ్తారు. ఆదివారం సెలవు. జీతం 12,000. మునుపటి కన్నా నెలకు మూడున్నర వేలు ఎక్కువ. ఆ డబ్బుకు ఏమొచ్చిందో ఒక్క లంచ్ బాక్సుతో చెబుతాను.

ఇద్దరున్న రోజుల్లో సాయంత్రం లంచ్ బాక్సు సింకులో పడేసేవారు. మర్నాడు దాన్ని తోమే ఆవిడకు పిల్లవాడు ఏం తిన్నాడో అనవసరం. వాడికి సాయంత్రం తినడానికి పెట్టే అమ్మాయి ఆ డబ్బా మూత తీసి చూసేది కాదు. ఇప్పుడు ఈవిడే డబ్బా తీసుకుంటారు, ఈవిడే మూత తీస్తారు, ఈవిడే వాడికి ఏదైనా చేసి పెడతారు. ఒక రోజు నాకు ఫోను చేసి, “అమ్మా, బాబు పెరుగన్నం ముట్టనే లేదు, కూరన్నం కూడా పక్కకు నెట్టి వదిలేశాడు, ఒళ్ళు వెచ్చగా లేదు గానీ ముఖం బాగాలేదు, దోసె వేసిచ్చి పక్కన కూర్చున్నాను” అన్నారు. అరగంట కూర్చుంటే సంగతి బయటపడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్క పిల్లలు వాడి డబ్బా లాక్కుని ఆట పట్టిస్తున్నారట. అలా వారం రోజులుగా జరుగుతోందట. మర్నాడే బడికి వెళ్ళి క్లాసు టీచరుతో మాట్లాడాను. గిన్నె తోమే చెయ్యి, అన్నం పెట్టే చెయ్యి ఒకటే కాబట్టి ఆ సంగతి మాకు తెలిసింది. ఇద్దరి మధ్య పంచిన పనిలో ఇది జారిపోయేది. ఇంటి పనినీ పిల్లల బాధ్యతనూ ఒకరికే అప్పగించడం మేలని నేను గట్టిగా అనడానికి డబ్బు ఆదా కారణం కాదు, ఇదే కారణం.

అయితే ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదమే ఉంది. ఇంటి పని కంటికి కనిపిస్తుంది, పిల్లల పని కనిపించదు. ఏడుకు ఇంటికి వచ్చిన అమ్మకు మడత పెట్టని బట్టల కుప్ప కనిపిస్తుంది. పిల్లవాడి పక్కన కూర్చుని వాడి మాటలు విన్న ఇరవై నిమిషాలు కనిపించవు. బట్టల గురించి రెండుసార్లు అడిగితే చాలు. మూడో రోజు నుంచి ఆవిడ పిల్లలకు టీవీ పెట్టి బట్టలు మడత పెడతారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, మనం దేన్ని మెచ్చుకుంటున్నామో చూసి అదే చేశారు.

అందుకే మేం రెండు పనులు చేశాం. ఒకటి, మూడూముప్పావుకు ఇంటి పని ఆగిపోవాలి, ఎంత మిగిలినా సరే. పిల్లలు వచ్చాక చీపురు, తడిగుడ్డ ముట్టకూడదు. వాళ్ళకు తినడానికి ఏదైనా చేయడం ఒక్కటే వంటింట్లో పని. రెండోది మరీ ముఖ్యం. ఇంటి పనుల జాబితా కుదించాం. స్నానాల గదులు కడగడం, దుప్పట్లు ఉతకడం, బూజులు దులపడం ఆవిడ పనిలోంచి తీసేశాం. అవి ఆదివారం మేమిద్దరం చేసుకుంటాం. ఇద్దరి పనీ ఒక్కరితో చేయించుకుంటే డబ్బు మిగులుతుందని లెక్క వేసుకునేవారికి ఈ పద్ధతి పనికిరాదు. ఆ మనిషి అలసిపోతుంది, పిల్లలు ఫోనుకు అలవాటు పడతారు.

ఏజెన్సీ ద్వారా ఇంట్లోనే ఉండే మనిషిని తెచ్చుకోవడం మూడో దారి. మేమూ వాకబు చేశాం. జీతం 20,000 దాకా చెప్పారు, ఏజెన్సీకి ఒక నెల జీతం వేరే. భోజనం, వసతి మనవే. మంచాన పడ్డ పెద్దవారికో, చంటిబిడ్డకో అది అవసరం కావచ్చు. పిల్లలు ఎనిమిది గంటలు బడిలో ఉండే ఇంట్లో అవసరం లేదు. పైగా రెండు పడకగదుల ఫ్లాటులో ఆమె ఎక్కడ పడుకుంటుంది? వంటింటి నేల మీద పడుకోమనడానికి నాకు నోరు రాలేదు.

నాయనమ్మ, అమ్మమ్మ వచ్చి ఉంటే అంతకన్నా ఏం కావాలి అంటారు. మా అత్తగారిది తెనాలి. వచ్చినప్పుడు పిల్లలకు పండుగే. కానీ డెబ్బై ఏళ్ళావిడకు మోకాళ్ళ నొప్పులు, రోజూ పిల్లల వెంట మెట్లెక్కి దిగమనడం న్యాయం కాదు. ఆవిడ ఉన్నప్పుడు కూడా పని చేసే మనిషి ఉండాలి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. “ఊళ్ళో తెలిసినవాళ్ళ పిల్ల ఉంది, పన్నెండేళ్ళు, చదివిస్తామని తెచ్చుకోండి, మీ పిల్లలకు తోడుగా ఉంటుంది” అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఇళ్ళలో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో, కొన్ని మినహాయింపులు తప్ప ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. చట్టం సంగతి అలా ఉంచండి. మన అమ్మాయి వయసు పిల్ల మన అమ్మాయి పళ్ళెం కడుగుతుంటే మన పిల్లలు ఏం నేర్చుకుంటారు? అలాంటి పిల్ల ఎక్కడైనా కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి.

కుదుర్చుకునేటప్పుడు అందరూ వంట వచ్చా అని అడుగుతారు. నేను అడిగింది వేరు. “బాబు మెట్ల మీద పడి మోకాలు చీరుకుంది, పెద్దమ్మాయి అప్పుడే ట్యూషన్‌కు వెళ్ళాలని తొందరపెడుతోంది, పొయ్యి మీద పాలున్నాయి. ముందు ఏం చేస్తారు?” ముగ్గురిని అడిగాను. ఇద్దరు “మీకు ఫోను చేస్తానమ్మా” అన్నారు. ఈవిడ, “పొయ్యి కట్టేసి బాబు దగ్గరకు వెళ్తాను, పాప పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది?” అన్నారు. అక్కడే తేలిపోయింది. ఆధార్ కార్డు నకలు తీసుకోండి, అసలు కార్డు మాత్రం ఉంచుకోవద్దు. అంతకు ముందు పని చేసిన ఇంటికి ఫోను చేయకండి, వెళ్ళి మాట్లాడండి. మొదటి వారం జీతమిచ్చే పని చేయించుకుని చూడండి, వీలైతే ఆ వారం మీరూ ఇంట్లో ఉండండి.

హోంవర్క్ చెప్పమని అడగకండి. మా ఇంట్లో పని చేసే ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు. డైరీ తీయించడం, బల్ల దగ్గర కూర్చోబెట్టడం వరకే ఆవిడ వంతు. కానీ టీవీ కట్టేయమని చెప్పే అధికారం ఆవిడకు ఉండాలి, ఆ అధికారం ఇచ్చామని పిల్లల ముందే చెప్పాలి. మా పిల్లలు ఆవిడను “పెద్దమ్మా” అంటారు. ఒకసారి చిన్నవాడు పేరు పెట్టి పిలిస్తే మా ఆయన వాడిని కూర్చోబెట్టి, నాన్నమ్మను పేరు పెట్టి పిలుస్తావా అని అడిగారు.

ఒక్కరి మీదే ఆధారపడితే వచ్చే అసలు కష్టం ఆవిడ రాలేని రోజు తెలుస్తుంది. ఆవిడ ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా మునిగినప్పుడు ఆవిడ ఇంట్లో నడుము లోతు నీళ్ళు. బియ్యం బస్తా, కుట్టుమిషను పోయాయి. మూడు వారాలు రాలేకపోయారు. ఆ నెల పూర్తి జీతం ఇచ్చి, పైన కొంత సాయం చేశాం. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. అప్పటి నుంచి వాచ్‌మన్ భార్యతో ఒక మాట అనుకున్నాం. ఈవిడ రాని రోజు నాలుగు నుంచి ఏడు దాకా ఆమె మా ఇంట్లో కూర్చుంటుంది, రోజుకు ఇంత అని అప్పటికప్పుడే ఇచ్చేస్తాం. ఒక్కరిని పెట్టుకునేవారు ఇలాంటి ఏర్పాటు మొదటి నెలలోనే చేసుకోవాలి.

దూరం ఎక్కువైతే మనిషి నిలవదని ఇదివరకు అనేవారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవారికి టికెట్ డబ్బు లేదు కాబట్టి, కంకిపాడు, ఉయ్యూరు వైపు నుంచి కూడా పటమట దాకా వచ్చేవాళ్ళను అడగవచ్చు. ఛార్జీ లేకపోయినా ప్రయాణం ప్రయాణమే. ఏడుకు వదిలేస్తామని చెప్పి ఎనిమిది చేయకండి.

జీతంతో పాటు ఇంకో రెండు చూడండి. ప్రధానమంత్రి శ్రమ్ యోగి మాన్‌ధన్ అని అసంఘటిత కార్మికుల పింఛను పథకం 2019 నుంచి ఉంది. 18 నుంచి 40 ఏళ్ళ వారు చేరవచ్చు. చేరిన వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే అంతే మొత్తం కేంద్రం వేస్తుంది, అరవై దాటాక నెలకు 3,000 వస్తుంది. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కింద రెండు లక్షల ప్రమాద బీమా ఉంది. ఈ డబ్బు మనం కట్టవచ్చు. మేం కడుతున్నాం.

ఇంతకీ ఎవరికి ఏది? తల్లిదండ్రుల్లో ఒకరు అయిదు లోపు ఇంటికి చేరేవారైతే ఇంటి పనికి ఒకరు, పిల్లలు వచ్చే వేళకు ఇరుగుపొరుగు తోడు చాలు. పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో ఉంటే వాళ్ళకు తోడు మనిషి కన్నా వేడి అన్నం ముఖ్యం, వంటమనిషిని పెట్టుకోండి. ఇద్దరూ ఆరు దాటాక వచ్చేవారై, పిల్లల్లో ఒక్కరైనా పదేళ్ళ లోపువారైతే ఒక్కరినే పెట్టుకోండి, పనులు తగ్గించి, జీతం పెంచి.

కుదుర్చుకునే రోజే సెలవుల సంగతి తేల్చుకోండి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా రోజంతా ఉంటారు. మా ఇంట్లో ఒంటిపూట బడుల నెలకు 1,500, వేసవి సెలవుల్లో నెలకు 4,000 అదనం. వేసవిలో ఆవిడ కూతురు కాన్పుకో, ఊళ్ళో జాతరకో పది రోజులు వెళ్తారు, ఆ పది రోజులకూ జీతం కోత లేదు. ఇదంతా ఒక కాగితం మీద రాసి ఆవిడకు చదివి వినిపించి ఒకటి ఆవిడకిచ్చాం. రెండోది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. దాని అడుగున పెద్దది పెన్సిల్‌తో, “పెద్దమ్మ పుట్టినరోజు సెలవు” అని ఒక వరుస చేర్చింది.