చూడి గుర్రాలకు రాత్రి కాపలా: సిమ్ కెమెరాతో ఒక ఈత కాలం

చేవెళ్ల దగ్గర మాకున్న చిన్న గుర్రపుశాలలో మూడు మార్వాడీ జాతి ఆడగుర్రాలు గత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారంలోపు ఈనాయి. మెహిదీపట్నంలోని మా ఇంటి నుంచి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ప్రతి రాత్రీ వెళ్లి కూర్చోవడం కుదరదు కాబట్టి, 4జీ సిమ్‌తో నడిచే, ఫోన్ నుంచి అటూ ఇటూ తిప్పుకోగలిగే కెమెరా ఒకటి 4,800 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకు మార్కెట్లో రకరకాల పేర్లతో దొరుకుతోంది, నేను చెప్పబోయే మంచిచెడ్డలు కూడా దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

ఆవు, గేదె ఈతలకు అలవాటుపడిన వారికి గుర్రం ఈత తొందర చూస్తే గుండె దడదడలాడుతుంది. చూడి కాలం సుమారు 340 రోజులని లెక్క వేసుకున్నా, 320 నుంచి 365 రోజుల మధ్య ఎప్పుడు ఈనినా అది మామూలే. మగగుర్రంతో దాటించిన తేదీ పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన ఈనే రాత్రి ఏదో తెలియదు. ఉమ్మనీళ్లు పోయిన తర్వాత మాత్రం 20 నుంచి 30 నిమిషాల్లో పిల్ల నేల మీద ఉండాలి, 15 నిమిషాలు గడిచినా పని ముందుకు సాగకపోతే డాక్టరుకు ఫోన్ చేయవలసిందే. చాలా ఆడగుర్రాలు రాత్రిపూటే ఈనుతాయి, పైగా మనిషి అలికిడి తగిలితే మొదటి దశ నొప్పులను కొన్ని గంటల పాటు ఆపుకోగలవు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చుంటే ఏమీ జరగదు, టీ తాగి వచ్చేసరికి పిల్ల గడ్డిలో తడితడిగా పడి ఉంటుంది. దూరం నుంచి చూసే కెమెరా వల్ల మొదటి లాభం యజమాని నిద్ర కన్నా గుర్రానికి దొరికే ఏకాంతమేనని ఈ మూడు ఈతల తర్వాత నాకు అనిపించింది.

బిగించే చోటు దగ్గరే మొదటి తప్పు చేశాను. తలుపు మీద ఏడడుగుల ఎత్తున పెట్టాను. తలుపు వైపు గోడకు ఆనుకుని గుర్రం పడుకుంటే వీపు తప్ప మరేమీ కనిపించేది కాదు, కెమెరాకు సరిగ్గా కిందనున్న చోటు ఎంత తిప్పినా అందేది కాదు. మా ఈత గది 14 అడుగులకు 14 అడుగులు. తలుపుకు ఎదురు మూలలో తొమ్మిదడుగుల ఎత్తుకు మార్చిన తర్వాత గది నాలుగు మూలలూ కనిపించాయి. వైరును గొట్టంలో నుంచి తీసుకెళ్లండి. ఎలుకలు సరేసరి, ఊసుపోని గుర్రం కూడా వైరు కొరుకుతుంది. కరెంటు పోతే కెమెరా ఆగకుండా చిన్న ఇన్వర్టర్ ఒకటి పెట్టాము, దాని ఖర్చును కెమెరా ధరలోనే కలిపి చూసుకోవాలి.

బొమ్మ నాణ్యతకు నేను పూర్తి మార్కులు ఇవ్వలేను. పగటిపూట చక్కగా ఉంటుంది, గుర్రం చెవుల కొనలు ఒకదానికొకటి తగలడం కూడా కనిపిస్తుంది. రాత్రి పరారుణ దీపాలు వెలిగాక అంతా నలుపు తెలుపే. వరిగడ్డి దుమ్ము మంచు కురిసినట్టు తేలుతుంది, వారానికోసారి తుడవకపోతే అద్దం ముందు అల్లిన సాలెగూడే తెరలాగా వెలుగుతుంది. ఈ చిన్న చికాకులు భరించవచ్చు. రంగు లేకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. ఈతలో ముందుగా బయటికి రావలసింది తెల్లని, పలచని ఉమ్మనీటి పొర. దాని బదులు ఎర్రని, మఖమలు గుడ్డలాంటి సంచి కనిపిస్తే మాయ ముందే ఊడిపోతోందని, పిల్లకు ప్రాణవాయువు అందడం లేదని అర్థం. డాక్టరు కోసం ఎదురుచూడకుండా ఆ సంచిని వెంటనే కోసి పిల్లను బయటికి లాగాలి. నలుపు తెలుపు బొమ్మలో ఆ ఎరుపును పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈనే తేదీకి నెల ముందు నుంచే గదిలో మసక పసుపు బల్బు ఒకటి రాత్రంతా వెలిగేలా పెట్టి గుర్రానికి అలవాటు చేశాము. ఆ 40 రూపాయల బల్బు వెలుగులో కెమెరా రంగులు చూపించడం మొదలుపెట్టింది.

కదలిక కనబడితే ఫోన్ మోగే సౌకర్యాన్ని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. మొదటి రాత్రి నాకు నూరుకు పైగా హెచ్చరికలు వచ్చాయి. తోక విసిరినా మోగింది, దీపపు పురుగు ఎగిరినా మోగింది, ఎలుక పరుగెత్తినా మోగింది. రెండో రాత్రికి దాన్ని తీసేశాను. గుర్రం ఊరికే తిరుగుతోందా, నొప్పులతో తిరుగుతోందా అన్నది ఈ ధర కెమెరాలకు తెలియదు, మన కళ్లే తేల్చుకోవాలి.

ఇక ఫిబ్రవరిలో ముత్యం ఈనిన రాత్రి సంగతి. సాయంత్రమే గుర్రాలను చూసుకునే మా సాయీసు చన్నుల కొనల మీద మైనంలాంటి చుక్కలు గడ్డకట్టి ఉన్నాయని చెప్పాడు, పాల చుక్కను పులుపు కొలిచే పీహెచ్ కాగితం మీద వేస్తే 6.4 కన్నా కిందికి దిగింది. ఆ రాత్రే ఈనవచ్చని ఇద్దరికీ అర్థమైంది. అతను పక్క గదిలో పడుకున్నాడు; నేను ఇంట్లో ఫోన్‌ను దిండు పక్కన ఆన్ చేసి పెట్టుకుని కునుకు తీస్తూ చూస్తున్నాను. 2 గంటల 40 నిమిషాలకు కళ్లు తెరిచి చూస్తే ముత్యం గోడ వైపు తల వంచుకుని నిమ్మళంగా నిలబడి ఉంది. హమ్మయ్య అనుకుని కళ్లు మూయబోతుంటే బొమ్మ పైమూలలోని గడియారం కనబడింది. అందులో 2 గంటల 11 నిమిషాలు. అరగంట నుంచి నేను చూస్తున్నది ఆగిపోయిన బొమ్మను.

సాయీసుకు ఫోన్ చేశాను. "అన్నా, బొమ్మ ఆగిపోయింది, ఒక్కసారి లేచి చూడు" అన్నాను. చెప్పుల చప్పుడు, తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినబడ్డాయి. "సార్, నీళ్లు ఎప్పుడో పోయినయ్. ముందరి కాళ్లు రెండూ బయటికొచ్చినయ్, ముక్కు కనబడుతున్నది" అన్నాడు. ఒక కాలు కాస్త ముందు, ఒకటి కాస్త వెనుక, మోకాళ్ల మీద ఆనిన ముక్కు. అంటే పిల్ల సరైన తీరులోనే ఉంది. పది నిమిషాల్లో పిల్ల పడింది. ముక్కు మీద పొర చిరగకుండా అలాగే అంటుకుని ఉంటే అతను వేళ్లతో చింపి, ముక్కురంధ్రాలు తుడిచాడు. నేను మరో పది నిమిషాలు కళ్లు మూసుకుని ఉంటే ఆ పొర ఎవరు చింపేవారన్నది ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు.

తెల్లవారి లెక్క వేస్తే కారణం తేలింది. పూర్తి నాణ్యతతో చూస్తే ఈ కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుంది, అంటే గంటకు 900 ఎంబీ. నేను సిమ్‌కు వేయించింది రోజుకు 2 జీబీల ప్యాకు. అర్ధరాత్రి 12 గంటలకు కొత్త కోటా మొదలై, రెండు గంటలు దాటగానే అయిపోయి, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయింది. అంత వరకు తప్పు నాదే. అయితే బొమ్మ రావడం ఆగిపోయినప్పుడు తెరను నల్లబరచడమో, ఎర్ర గుర్తు వేయడమో చేయకుండా చివరి బొమ్మనే పట్టుకుని చూపిస్తూ ఉండటం ఆ యాప్ చేసిన ద్రోహం. దుకాణం కాపలాకు అది సరిపోతుందేమో, ప్రాణం కాపలాకు పనికిరాదు. సహాయ కేంద్రానికి రెండుసార్లు రాశాను. కెమెరాను ఆపి మళ్లీ ఆన్ చేయమని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

ఆ తర్వాత రాత్రిపూట తక్కువ నాణ్యతకు మార్చాను. సెకనుకు అర మెగాబిట్ చొప్పున గంటకు 225 ఎంబీ, పది గంటలకు రెండుంబావు జీబీ అవుతుంది. ప్యాకును రోజుకు 3 జీబీలకు పెంచాను. బొమ్మ కొంత మసకబారినా గుర్రం నిలబడిందా, పడుకుందా, పక్కలు చూసుకుంటోందా అన్నది తెలియడానికి అది చాలు. అప్పటి నుంచి ఫోన్ తీసిన ప్రతిసారీ ముందు గడియారం ముల్లు కదులుతోందా అని చూసి, ఆ తర్వాతే గుర్రాన్ని చూస్తున్నాను.

మార్చిలో గౌరి ఈనినప్పుడు కెమెరా తన పని తాను చక్కగా చేసింది. 11 గంటల నుంచే గౌరి గోడల వెంట తిరగడం, డొక్కల వైపు తల తిప్పి చూసుకోవడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా లద్దె వేయడం, పడుకుని లేవడం అన్నీ కనిపించాయి. ఎవరినీ లోపలికి వెళ్లనీయలేదు. ఒంటిగంటకు నీళ్లు పోవడం తెర మీద చూసి ఫోన్ చేస్తే సాయీసు నిమిషంలో తలుపు దగ్గరికి చేరాడు. కెమెరాలో మాట్లాడే సౌకర్యం ఉంది కదా అని ముచ్చటపడి ఒకసారి "గౌరీ" అని పిలిచాను. ఆ లోహపు గొంతుకు అది ఉలిక్కిపడి గోడకు తగిలింది. ఆ మీటను మీరు ముట్టుకోకండి.

వేరే పరికరాలు లేకపోలేదు. ఫోలర్ట్ అనే అమెరికా పరికరాన్ని అక్కడి గుర్రపుశాలల్లో వాడతారు: ఆడగుర్రం యోనిపెదవులకు చిన్న ట్రాన్స్‌మిటర్‌ను, అయస్కాంతాన్ని డాక్టరు కుట్టి పెడతాడు, పిల్ల కాళ్లు బయటికి వస్తూ పెదవులను విడదీయగానే అయస్కాంతం ఊడి అలారం మోగుతుంది. గుర్రం పూర్తిగా పక్కకు ఒరిగి పడుకుంటే మోగే నడుము పట్టీలు కూడా ఉన్నాయి. ఖరీదైన థరోబ్రెడ్ అనే పందెపు జాతి ఆడగుర్రాలున్న వారికి అవి అవసరమేమో గానీ, మూడు గుర్రాల శాలకు ఆ ఖర్చు బరువని నా అభిప్రాయం.

కెమెరాలో వేసిన 128 జీబీ కార్డును మెచ్చుకోవాలి. పూర్తి నాణ్యతతో అయినా దాదాపు ఆరు రోజుల రికార్డు అందులో నిలుస్తుంది. సిమ్ ఆగిపోయినా కార్డు ఆగదు. ముత్యం నీళ్లు పోయింది 2 గంటల 29 నిమిషాలకని మాకు తర్వాత తెలిసింది దాని వల్లనే. డాక్టరు మొదట అడిగేది కూడా ఆ సమయమే.

ఒక సంగతి మాత్రం కొనేముందే ఆలోచించుకోండి. 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేను రాత్రి బయలుదేరినా గంటకు గాని చేరను, ఈత అరగంటలో అయిపోతుంది. శాలలో తర్ఫీదు ఉన్న మనిషి పడుకోకపోతే ఈ కెమెరా మీకు జరగకూడనిది జరుగుతుంటే చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఈ మాట అర్థమయ్యాక అదే యాప్‌ను సాయీసు ఫోన్‌లో కూడా వేయించి, రీచార్జి నేనే చేయించాను. అతని మంచం గదికి ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. గది వరకూ నడవకుండా మంచం మీది నుంచే చూడటం తనకు మేలైందని, తాను తలుపు సందులోంచి తొంగిచూసినప్పుడల్లా గుర్రం చెవులు నిక్కించేదని అతనే చెప్పాడు.

ఏప్రిల్‌లో మూడో గుర్రం ఈనిన రాత్రి నేను నిద్రపోయాను. నాలుగు గంటలకు అతని ఫోన్ వచ్చింది. "సార్, లేపలేదు మిమ్మల్ని. పిల్ల లేసి ముర్రుపాలు తాగుతున్నది, మాయ కూడా పడ్డది, బొడ్డుకు మందు పెట్టిన" అన్నాడు. తర్వాత కార్డులోని రికార్డు చూశాను. పిల్ల రెండుసార్లు లేవబోయి కాళ్లు చాపుకుని పడింది, 48వ నిమిషానికి గోడకు ఆనుకుని నిలబడింది, తల్లి మూతితో దాన్ని పొదుగు వైపు నెట్టింది. తలుపు సందులో టార్చి వెలుగు ఒక్కసారి కనబడి ఆరిపోయింది.