మూడేళ్లుగా వాడుతున్న నా నవ్వుల నోట్‌బుక్

బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో రోజుకు ఇరవై ఇంగ్లీష్ పదాలు, పక్కనే తెలుగు అర్థాలు ఇచ్చేవాళ్లు. రాత్రి గడగడా అప్పజెప్పేదాన్ని. ఆదివారం వచ్చేసరికి సగం యాదికి ఉండేవి కావు. తెలుగు మీడియంలో చదివిన నాకు పరీక్షకన్నా ఆ లిస్టులే టెన్షన్. మూడేళ్ల కింద వాటిని పక్కన పడేసి రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. పద్ధతి ఇంతే: పేపర్‌లోనో కథలోనో కొత్త పదం కనిపిస్తే ఆ వాక్యం మొత్తం ఎక్కించుకోవాలి. దాని కింద మా నల్గొండ సంగతులతో నవ్వొచ్చే వాక్యం ఒకటి నేను కట్టాలి.

ప్రొక్రాస్టినేట్ అంటే పనిని వాయిదా వేస్తూ పోవడం. అందులోని 'క్రాస్' లాటిన్ మాట, రేపు అని అర్థం. ఒకప్పుడు మన ఊళ్లల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు కదా! దయ్యం చేత కూడా ప్రొక్రాస్టినేట్ చేయించిన తలుపు అని రాసుకున్నాను. ఇక ఆ పదం మరిచిపోతే ఒట్టు. ఇనండేట్ అంటే ముంచెత్తడం. పండగ పూట వాట్సాప్ మెసేజ్‌లతో ఫోన్ ఇనండేట్ అయిందంటే, నాగార్జునసాగర్ 26 గేట్లూ ఒక్కసారే ఎత్తినట్టు.

తెలిసిన మాటల్లో కూడా కొత్త సంగతులు దొరికాయి. ప్రాచీన రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు టోగాలనే తెల్లటి పొడవాటి వస్త్రాలు కట్టుకుని ఓట్లు అడిగేవాళ్లట. తెలుపును చెప్పే లాటిన్ మాట 'క్యాండిడస్' నుంచే క్యాండిడేట్ వచ్చింది. ఎన్నికలప్పుడు మా క్లాక్ టవర్ సెంటర్‌లో తెల్ల చొక్కాలు కనిపిస్తే నాకు రోమ్ కనిపిస్తుంది.

లోపాలూ చెప్పాలి. మొదట్లో డిక్షనరీ చూడకుండా సందర్భాన్ని బట్టే అర్థం ఊహించేదాన్ని. ఒక వార్త చదివి నొటోరియస్ అంటే బాగా పేరున్న మనిషి అనుకున్నాను. మా సార్ రిటైర్మెంట్ సభలో ఆయన్ను అందరి ముందూ అలాగే పొగిడాను. అది చెడ్డపేరుకు వాడే మాటని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రాత్రే ఫోన్ చేసి సార్‌ను క్షమించమని అడిగాను. అప్పటినుంచి మూడు వేర్వేరు చోట్ల కనిపించి, డిక్షనరీలో సరిచూశాకే పదాన్ని నోట్‌బుక్‌లోకి రానిస్తున్నాను. ఉచ్చారణ కూడా ఈ పద్ధతిలో రాదు. సూక్ష్మమైన అని అర్థమొచ్చే సటిల్ (subtle) లో 'బి' పలకదని వినేదాకా నాకు తెలియలేదు. నాట్‌విత్‌స్టాండింగ్ (అయినప్పటికీ) లాంటి మాటలకు ఎంత ప్రయత్నించినా నవ్వు పుట్టదు, వాటిని వట్టిగా చదువుకోవాల్సిందే.

రెండో నోట్‌బుక్ నడుస్తోంది ఇప్పుడు. పోయిన నెల గ్లట్ అనే మాట తగిలింది, అవసరానికి మించి సరుకు మార్కెట్‌లో దిగడం. నాకు వాక్యం కుదరలేదు. మాది బత్తాయి తోట కాబట్టి నాన్నను అడిగాను. "గంతేనా బిడ్డా? చెట్టు నిండ కాయ, జేబు నిండ గాలి" అన్నాడు. అదే రాసి, పక్కన నాన్న పేరు పెట్టాను.