రెస్టిక్‌తో ఆరేళ్లు: వేళచ్చేరిలో మునిగిన లెక్కలు తిరుపతిలో తెరుచుకున్నాయి

చెన్నై వేళచ్చేరిలో మాది చిన్న అకౌంట్ల ఆఫీసు. షావుకారుపేట, పార్క్‌టౌన్ తెలుగు వ్యాపారుల లెక్కలు చూస్తాం. 2015 డిసెంబరు వరదలో కంప్యూటరూ, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ హార్డ్‌డిస్కూ ఒకే నీళ్లలో మునిగాయి. బిల్లు బిల్లునూ అడిగి తెచ్చుకుని మళ్లీ ఎక్కించాం. రెండో ప్రతి ఊరి బయటే ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

రెస్టిక్ ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్. ఫైళ్లను ముక్కలు చేసి, మన దగ్గరే తాళం వేసి, ముంబైలో మేం అద్దెకు తీసుకున్న క్లౌడ్ స్టోరేజీకి పంపుతుంది. మారిన ముక్కలే వెళ్తాయి. స్కాన్ చేసిన బిల్లులతో కలిపి మాకు 180 జీబీ. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడుతో లెక్క ప్రకారం 20 గంటల పని. పగలు ఆపుతూ మూడు రాత్రుల్లో ముగించాం. ఆ తర్వాత రోజూ కొద్ది నిమిషాలే. కంపెనీల ఖాతాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వరుకే చేరాలని 2022 ఆగస్టులో నిబంధన మారినప్పుడు మేం కొత్తగా చేయవలసింది ఏమీ లేకపోయింది.

లోపాలూ ఉన్నాయి. మీట నొక్కే తెర లేదు, ఆదేశాలన్నీ టైపు చేయాలి. మా గుమాస్తా కోసం వాటిని తెలుగులో వివరించి గోడకు అంటించాను. మొదటి ఏడాది పరీక్షగా వెనక్కి తెచ్చి చూస్తే ఒక కంపెనీ డేటా తెరుచుకోలేదు. మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరిచి ఉండగానే నకలు తీశాం, అదీ కారణం. అప్పటినుంచి రాత్రి పదింటికి, టాలీ మూశాకే. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ భయంతో స్టోరేజీలో 30 రోజుల ఆబ్జెక్ట్ లాక్ పెట్టాం, అంటే అన్ని రోజులూ ఆ నకళ్లను ఎవరూ పూర్తిగా చెరపలేరు. పాతవి తీసేసినా ఆ 30 రోజులు బిల్లు తగ్గదు. ఆ ఖర్చు నాకు ఇష్టమే.

అసలు పరీక్ష మిచాంగ్ తుపాను. 2023 డిసెంబరు 3, 4 తేదీల వానకు ఆఫీసులో నడుము లోతు నీళ్లు. బీరువాలోని పాస్‌వర్డు కాగితం మీద సిరా అంతా కరిగిపోయింది. రెస్టిక్‌లో పాస్‌వర్డు పోతే డేటా పోయినట్టే, మరో దారి లేదు. రెండో కాగితం తిరుపతిలో అక్క దగ్గర ఉంది. 7వ తేదీన ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళ్లాను.

అక్క దాన్ని పట్టుచీరల పెట్టె అడుగున దాచింది. 24 అక్షరాలు, నా చేతిరాత. పద్నాలుగోది సున్నాయా, ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమా? రెండుసార్లు తప్పయింది. అక్క కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, “కాస్త కోలగా ఉందిరా, సున్నానే” అంది. తెరుచుకుంది. మొత్తం దించకుండా టాలీ ఫోల్డరు ఒక్కటే అడిగాను. 4 జీబీ పావుగంటలో వచ్చింది. 2వ తేదీ రాత్రి వరకు ప్రతి వోచరూ ఉంది. 11వ తేదీ గడువులోగా వ్యాపారుల అమ్మకాల జీఎస్‌టీ రిటర్నులు, అంటే జీఎస్‌టీఆర్-1లు, అన్నీ అక్క ఇంటి భోజనాల బల్ల మీదే వేశాను. స్కాన్ బిల్లులు దిగడానికి మరో రెండు రోజులు పట్టింది. డేటా వెనక్కి దించినందుకు స్టోరేజీవాళ్లు వేసే రుసుమును నేను ముందుగా లెక్కలో వేసుకోలేదు. మీరు వేసుకోండి.

ఇప్పుడు మూడు నెలలకోసారి వేరే కంప్యూటరులో ఒక కంపెనీ లెక్కలు తెరిచి చూస్తున్నాం. అక్క దగ్గరి కాగితమూ మార్చాం. పాస్‌వర్డు అచ్చులో ఉంది, అందులో సున్నాలూ ఓలూ లేవు.