టాక్స్ ఫౌండేషన్ పట్టిక: చూడొచ్చు, కానీ అది చూసి ఇల్లు కొనకండి

అమెరికాలో రాష్ట్రం మారాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది పన్నుల మీద అధ్యయనాలు చేసే టాక్స్ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్ల రాష్ట్ర, స్థానిక పన్నుల భారం పట్టిక. 2022 లెక్కల్లో న్యూయార్క్ వాసుల ఆదాయంలో 15.9 శాతం ఈ పన్నులకే పోయింది, అలాస్కాలో 4.6 శాతమే. దేశ సగటు 11.2. పట్టిక ఉచితం, చదవడమూ తేలికే.

ఇందులో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఖజానాకు ఎంత వచ్చిందని కాదు, ఆ రాష్ట్రవాసి జేబులోంచి ఎంత పోయిందని లెక్కగడతారు. అలాస్కా చమురు పన్ను, నెవాడాలో పర్యాటకులు కట్టే పన్ను చాలావరకు బయటివాళ్ల మీదే పడతాయి మరి.

లోపమల్లా అది సగటు కావడమే. ఫ్లోరిడాలో జీతం మీద పన్ను లేదు, పట్టికలోనూ చవకే. ఐటీఈపీ (ఇన్‌స్టిట్యూట్ ఆన్ టాక్సేషన్ అండ్ ఎకనామిక్ పాలసీ) అనే మరో అధ్యయన సంస్థ 2024 నివేదిక మాత్రం అక్కడ అట్టడుగు 20 శాతం కుటుంబాల ఆదాయంలో 13.2 శాతం, పైనున్న 1 శాతం వాళ్ల ఆదాయంలో 2.7 శాతం పన్నులకు పోతోందని చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇల్లు కొనేవాళ్లకు రాష్ట్రం అంకె ఎందుకూ కొరగాదు. టెక్సస్‌ది 8.6 శాతం. కానీ ప్రాపర్టీ టాక్స్ కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఎవరికి వారే వేస్తారు. ఊరి శివార్లలో కొత్త సబ్‌డివిజన్ అయితే నీళ్లు, డ్రైనేజీ బాండ్ల అప్పు తీర్చడానికి మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్ను అదనం. అసలు దెబ్బ రెండో ఏడాది తగులుతుంది. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితికి. ఆ రోజుకి ఖాళీ స్థలమే ఉంటే మొదటి బిల్లు స్థలానికే వస్తుంది. దాన్నిబట్టి ఎస్క్రో (పన్ను కట్టడానికి అప్పిచ్చినవాళ్లు కిస్తీతో కలిపి నెలనెలా తీసుకునే డబ్బు) పెట్టారంటే మరుసటి ఏడాది నెలవారీ కిస్తీ అమాంతం ఎగబాకుతుంది. పాత ఇంటి బిల్లునూ నమ్మకండి. అమ్మే ఆయనకు 65 దాటి ఉంటే స్కూల్ పన్ను పెరగకుండా ఆగి ఉంటుంది, మీకు ఆగదు.

ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్లో చిరునామా కొట్టి, ఏయే సంస్థలు పన్ను వేస్తున్నాయో చూసి, వాటి రేట్లన్నీ కూడండి. రేటు 100 డాలర్ల విలువకు ఇంత అని ఉంటుంది, కొనే ధరను 100తో భాగించి, కూడిన రేటుతో గుణించండి. సొంతంగా కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000 డాలర్లు స్కూల్ పన్ను లెక్కలోనే ఇంటి విలువలోంచి తగ్గుతుంది, మిగతా పన్నుల లెక్కలో తీసేయకండి.

ఒహాయో వైపు వెళ్లేవాళ్లు సిటీ ఆదాయపు పన్ను చూసుకోవాలి. కొలంబస్‌లో అది 2.5 శాతం. పని ఒక ఊళ్లో, కాపురం ఇంకో ఊళ్లో అయితే అక్కడ కట్టినదానికి ఇక్కడ ఎంత క్రెడిట్ ఇస్తారన్నది కాపురమున్న ఊరి నిబంధన మీద ఉంటుంది. కొన్ని ఊళ్లు పూర్తి క్రెడిట్ ఇవ్వవు.