థాయ్‌లాండా, వియత్నామా, కొరియానా, జపానా: ఇంగ్లిష్ టీచరుగా మొదటి అడుగు ఎక్కడ?

"ఎక్కడ జీతం ఎక్కువండీ?" అనే అడుగుతారు అందరూ. నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. మీ దగ్గర ఏ దేశం పాస్‌పోర్టు ఉంది? బ్యాంకులో ఎంతుంది? ఎప్పుడైనా నలభై మంది పిల్లల ముందు నిలబడి ఓ గంట గడిపారా? వీటికి జవాబులొస్తే జీతం సంగతి దానంతట అదే తేలుతుంది. నేను థాయ్‌లాండ్‌లో రెండేళ్లు, ఆ తర్వాత జపాన్‌లో మూడేళ్లు బడిపిల్లలకు చెప్పాను. వియత్నాం, కొరియాల గురించి రాసేది మాత్రం అక్కడ పనిచేసిన స్నేహితుల నోట విన్నది, వాళ్ల కాంట్రాక్టులు చదివి తెలుసుకున్నది.

ముందు పాస్‌పోర్టు. సగం దారులు అక్కడే మూసుకుపోతాయి. కొరియాలో ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఈ-2 వీసా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీకు ఇంగ్లిష్‌లో ఎమ్మే ఉన్నా, పైన బీఈడీ ఉన్నా ఆ జాబితాలో దేశం పేరు లేకపోతే లేనట్టే. మనవాళ్లకు ఓ సన్నని సందు ఉందిలెండి. 2010లో అమల్లోకి వచ్చిన భారత-కొరియా వాణిజ్య ఒప్పందం కింద, టీచరు అర్హత ఉన్న భారతీయులు అక్కడి బళ్లలో సహాయ టీచర్లుగా చేరొచ్చు. ఆ సందులోంచి వెళ్లినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ తారసపడలేదు.

చైనాదీ ఇంచుమించు ఇదే జాబితా. పైగా 2021 జూలైలో బడిపిల్లల ట్యూషన్ల మీద ప్రభుత్వం కత్తి ఝళిపించాక, కొత్తవాళ్లను ఎడాపెడా తీసుకున్న శిక్షణ కేంద్రాలు కుప్పలుగా మూతపడ్డాయి. అందుకే చైనాను ఈ పోలికలోకి తేవడం లేదు.

జపాన్ అడిగే ప్రశ్న వేరు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లయితే పన్నెండేళ్లు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు చూపించమంటుంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, సరిగ్గా పన్నెండు. చిన్న ఊళ్లో కాన్వెంటు చదువు చదివినవాళ్లు కూడా దీనికి పనికొస్తారు. కాకపోతే ఏ బడిలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు చదివారో రాయించి సంతకాలు పెట్టించుకు రావాలి. ఎప్పుడో మూతపడ్డ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారిని వెతికి పట్టుకోవడం నాకు జపనీస్ నేర్చుకోవడం కన్నా కష్టమైంది.

థాయ్‌లాండ్, వియత్నాం పాస్‌పోర్టు చూసి తలుపు వేసేయవు, జీతంలో కోత పెడతాయి. ఈ మాట దాటేస్తే మీకు అన్యాయం చేసినట్టే. థాయ్ ప్రభుత్వ బళ్లలో ఏజెన్సీ ద్వారా చేరిన అమెరికా కుర్రాడికి నెలకు 30,000 నుంచి 40,000 బాత్ ఇస్తారు. అదే బడిలో అదే పని చేసే ఫిలిప్పీన్స్ ఆవిడకో, భారతీయుడికో 20,000, 25,000 దగ్గర బేరం మొదలవుతుంది. పైగా మనం టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో కనీసం 600 తెచ్చుకుని చూపించాలి. ఉద్యోగ ప్రకటనల్లో "మాతృభాషీయులు మాత్రమే" అని పచ్చిగా రాసుకుంటారు. కొన్నిచోట్ల ఆ మాటకు అసలు అర్థం తెల్లతోలు అని. లండన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయికి కూడా ఫొటో చూశాక జవాబు రాని సందర్భాలు నాకు తెలుసు.

మరి ఇంత చెప్పి, భారతీయ పాస్‌పోర్టుతో ఎన్నడూ పాఠం చెప్పని మనిషి వస్తే నేను థాయ్‌లాండ్‌కే వెళ్లమంటాను. ఎందుకంటే మొదటి ఏడాది మనం పాఠం చెప్పలేం. చెప్పినట్టు నటిస్తాం. ఆ నటనను నవ్వుతూ భరించే బడి కావాలి.

ఖోన్ కేన్ దగ్గర నా మొదటి బడిలో రోజూ ఎనిమిదింటికి జెండా వందనం. మైదానంలో పిల్లల వరసలు, మైకులో ప్రార్థన, నెత్తిన ఎండ. తర్వాత నలభై ఆరు మంది కూర్చున్న గది, పైన నాలుగు ఫ్యాన్లు, వాటి రొద మీద నా గొంతు. లోపలికి అడుగు పెట్టగానే లీడరు పిల్ల లేచి "స్టాండప్ ప్లీజ్" అంటుంది. అందరూ చేతులు జోడించి, రాగం తీసి, "గుడ్ మాణింగ్ టీచెఁ..." అని మొదలుపెడతారు. "హౌ ఆర్ యూ?" అంటే చాలు, "అయామ్ ఫైన్ థ్యాంక్యూ అండ్ యూ" అని ఒకే ఊపిరిలో వచ్చేస్తుంది. ఒకరోజు "అయామ్ నాట్ ఫైన్, నాకు జ్వరం" అన్నాను. గది మొత్తం పది క్షణాలు మూగబోయింది. ఆ వాక్యానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ రోజే నాకు మొదటిసారి పాఠం ఏం చెప్పాలో తెలిసింది.

థాయ్‌లో టీచరును ఖ్రూ అంటారు, మన గురువు మాటే. జూన్‌లో వాయ్ ఖ్రూ రోజున పిల్లలు పూలు తెచ్చి మోకాళ్ల మీద నడిచొచ్చి దణ్ణం పెడతారు. గౌరవం మెండు, చదువు మీద పట్టింపు తక్కువ. ఏ పిల్లా ఫెయిలవదు. పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే. నేర్చుకునే టీచరుకు ఇది వరం, పని వచ్చిన టీచరుకు విసుగు.

అక్కడ నేను మోసపోయింది కాంట్రాక్టులో. బడి మే నెల మధ్యలో తెరుస్తారు, మార్చి మధ్యకు రెండో టర్ము అయిపోతుంది. నన్ను పంపిన ఏజెన్సీ రాయించుకున్నది పది నెలల కాంట్రాక్టు. "నెలకు ఇంత" అన్న అంకె చూశానే గానీ, ఎన్ని నెలలో చూడలేదు. ఏప్రిల్‌లో ఊరంతా సోంగ్‌క్రాన్ అనే కొత్త సంవత్సరం పండుగకు నీళ్లు చల్లుకుంటుంటే నేను అద్దెకు అప్పు వెతుక్కున్నాను. థాయ్‌లాండ్‌లో జీతాన్ని పన్నెండుతో కాక కాంట్రాక్టు నెలలతో హెచ్చించి, వచ్చినదాన్ని పన్నెండుతో భాగించి చూడండి. అసలు జీతం అది.

వియత్నాం లెక్క గంటల్లో ఉంటుంది. హనోయ్, హో చి మిన్ సిటీల్లో భాషా కేంద్రాలు మాతృభాషీయులకు గంటకు నాలుగైదు లక్షల డాంగ్‌లు ఇస్తాయి. వారానికి ఇరవై గంటలు దొరికితే నెలకు మూడున్నర కోట్లు! అంకె చూసి కళ్లు తిరగనక్కర్లేదు, డాలర్లలో అది పదమూడు, పద్నాలుగు వందలు. అయినా థాయ్ ప్రభుత్వ బడి జీతం కన్నా మెరుగే, ఖర్చు చూస్తే తక్కువే. మనవాళ్లకు రెండున్నర, మూడు లక్షల దగ్గర మొదలైనా ఇంకా గిట్టుబాటే. గదిలో పదిహేను, ఇరవై మంది పిల్లలు, పక్కన వియత్నామీ సహాయకురాలు ఉంటారు.

పని ఎప్పుడనుకున్నారు? బడి వదిలాక సాయంత్రాలు, శని ఆదివారాలు పొద్దుటి నుంచి రాత్రిదాకా. లోకమంతా సెలవులో ఉన్నప్పుడు మీరు క్లాసులో ఉంటారు. టెట్ అనే వాళ్ల కొత్త సంవత్సరం పండుగకు కేంద్రాలు వారం పైనే మూసేస్తారు. గంటల జీతగాడికి ఆ రోజులకు దక్కేది శుభాకాంక్షలే. వర్క్ పర్మిట్‌కు డిగ్రీ, బోధన సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య పరీక్ష కావాలి. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు కదా అని దానిమీద వెళ్లి చెప్పేస్తున్నవాళ్లున్నారు. అది పనిచేయడానికిచ్చిన వీసా కాదు. అధికారులు వచ్చి తలుపు తట్టే రోజు వస్తే కేంద్రం యజమాని మిమ్మల్ని ఎరగనంటాడు.

సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. టెఫెల్ అంటే విదేశీయులకు ఇంగ్లిష్ చెప్పడంలో శిక్షణ. 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ కోర్సు కాగితం అవసరాన్ని తీరుస్తుంది, భయాన్ని తీర్చదు. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా నాలుగు వారాల కోర్సు, ఖరీదైనదే. కానీ అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పిస్తారు, వెనక కూర్చుని చూసి ఉతికి ఆరేస్తారు. వియత్నాంలో నేరుగా మొదలుపెట్టాలనుకుంటే నేనైతే అదే చేస్తాను. అక్కడ ఫీజు కట్టిన తల్లిదండ్రులు అద్దాల తలుపులోంచి చూస్తుంటారు మరి.

ఏడు దేశాల్లో ఒకదాని పాస్‌పోర్టు ఉండి, చదువు అప్పు నెత్తి మీదుంటే కొరియా. వేరే ఆలోచన వద్దు. నెలకు 20 లక్షల పైన వాన్‌లు, ఉండటానికి గది వాళ్లదే, ఏడాది పూర్తయితే ఒక నెల జీతం అదనంగా. అద్దె లేని జీతమంటే మిగులు జీతమే. ప్రభుత్వ బళ్లకు పంపే ఈపిక్ పథకంలో ఏడాదికి రెండు విడతలు తీసుకుంటారు, క్లాసులో పక్కన కొరియన్ టీచరు ఉంటారు. ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలను హాగ్వాన్లు అంటారు. అక్కడ మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా పని, మంచిదా చెడ్డదా అన్నది పూర్తిగా యజమాని మీదే. ఆ ఒక నెల జీతం ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో మనిషిని తీసేసే కేంద్రాల కథలు అక్కడి టీచర్లలో తాతల కాలం నుంచీ ఉన్నాయి.

ఎవరూ పట్టించుకోని తేడా ఇంకొకటుంది. వీసా ఎవరి చేతిలో ఉంది? కొరియాలో అది యజమాని చేతిలో. మధ్యలో ఇంకో చోటికి మారాలంటే ఆయన విడుదల పత్రం రాసివ్వాలి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం అయిన రోజుతోనే ఉండే హక్కు కూడా అయిపోతుంది, పరుగులే. జపాన్‌లో వీసా మీది. ఉద్యోగం మానేస్తే పద్నాలుగు రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేసి, గడువు లోపల ఇంకోటి వెతుక్కోవచ్చు. నచ్చని యజమానికి నమస్కారం పెట్టి బయటికి రాగలగడం జీతం స్లిప్పులో కనిపించని జీతం.

అలాగని జపాన్ చవక బేరం కాదు. విదేశీయులను బళ్లలో సహాయ టీచర్లుగా తీసుకునే జెట్ పథకాన్ని ప్రభుత్వం 1987 నుంచి నడుపుతోంది, అందులో చోటు దొరికితే అదృష్టమే. 2025 ఏప్రిల్ నుంచి మొదటి ఏడాది జీతం 40,20,000 యెన్‌లు. దానికి దరఖాస్తు నుంచి విమానం దాకా చాలా నెలలు పడుతుంది. మిగతావాళ్లం మనుషుల్ని బళ్లకు అప్పిచ్చే కంపెనీల్లోనో, ఐకైవా అనే సంభాషణ కేంద్రాల్లోనో చేరతాం. అక్కడ జీతం ఏళ్ల తరబడి నెలకు రెండున్నర లక్షల యెన్‌ల చుట్టూనే తిరుగుతోంది. ఇల్లు తీసుకోవాలంటే అడ్వాన్సు కాక, తిరిగిరాని "కృతజ్ఞత సొమ్ము" ఇంటివాళ్లకు సమర్పించాలి. మొదటి జీతం చేతికొచ్చేలోపు రెండు నెలలు గడుస్తాయి. అందుకని కంపెనీ ఇచ్చే గదిలో దిగుతారు చాలామంది. 2007 అక్టోబరులో నోవా అనే పెద్ద ఐకైవా సంస్థ కుప్పకూలినప్పుడు జీతం, గది రెండూ ఒకేసారి పోయినవాళ్లున్నారు. ఉద్యోగం, ఇంటి తాళం రెండూ ఒకరి చేతిలోనే పెట్టొద్దు.

జపాన్ బడిలో నాకు ఇష్టమైంది మధ్యాహ్నం. పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని భోజనం వడ్డిస్తారు, టీచర్లూ అదే తింటారు. తర్వాత చీపుర్లు, గుడ్డలు పట్టుకుని గదులు వాళ్లే తుడుస్తారు. నేనూ ఓ గుడ్డ పట్టుకుని వంగాను. క్లాసులో నోరు విప్పని కుర్రాడు ఆ నేల తుడుస్తూ నాతో మాట్లాడాడు.

ఉచ్చారణ విషయంలో మనకో వెసులుబాటుంది. జపనీయులు "బస్"ను "బసు" అంటారు, "మిల్క్"ను "మిరుకు" అంటారు. మాట చివర నకారం తప్ప ఇంకే హల్లూ వాళ్ల నాలుకకు కుదరదు. మన బస్సు, మన మిల్కు లాగే. కొరియన్లదీ చాలా మాటల్లో ఆ దారే. ఆ పిల్లవాడు ఎందుకలా అంటున్నాడో నాకు లోపలి నుంచి తెలుసు, నేనూ ఆ గోతిలోంచే ఎక్కొచ్చాను. థాయ్ పిల్లలది దీనికి తలకిందులు: చివరి హల్లును నొక్కేస్తారు, "బస్" కాస్తా "బట్" అవుతుంది. వియత్నాం పిల్లలు "హౌస్"లో చివరి సకారాన్ని అసలు మింగేస్తారు. థాయ్‌లాండ్‌లో పాఠం చెప్పాలంటే నేను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి నా తీర్పు ఇది. భారతీయ పాస్‌పోర్టు, అనుభవం సున్నా, పొదుపు కొంచెం: మే నెలకు థాయ్‌లాండ్, రెండు టర్ములు, ఆపై జపాన్‌కు దరఖాస్తు. చిన్నపిల్లలతో ఇదివరకే పనిచేసి, రాత్రి పనికి ఓర్చుకునేవారైతే వియత్నాం. పొదుపు గట్టిగా ఉండి, నాలుగైదేళ్లు ఉండే ఉద్దేశంతో వెళ్తుంటే నేరుగా జపాన్. అమెరికా, కెనడా పాస్‌పోర్టున్న పిల్లలకు ప్రభుత్వ బడి దొరికితే కొరియా, హాగ్వాన్ అయితే అక్కడ ప్రస్తుతం చెబుతున్న టీచరుతో ఫోన్లో మాట్లాడాకే సంతకం.

ఏ దేశమైనా డిగ్రీ పట్టా అసలుది కావాలి. ఎక్కువచోట్ల దానికి ప్రభుత్వ ముద్రలు వేయించి తెమ్మంటారు. అందుకే పట్టాకు ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి. మా నాన్న ముచ్చటపడి నాది చేయించారు. ప్లాస్టిక్ మీద ముద్ర పడదు కదా, దాన్ని ఒలిపించేసరికి యూనివర్సిటీ సీలు సగం ఊడొచ్చింది. డూప్లికేట్ పట్టాకు నాలుగు నెలలు పట్టింది, ఆ ఏడాది మే బ్యాచి నేను లేకుండానే వెళ్లిపోయింది.