వీధిలో చెక్క అరుగా, నడిచే చెట్టా: ఏది మేలు?

కారు ఆగే జాగాలో ఓ చెక్క అరుగు, నాలుగు మొక్కల తొట్లు, కూర్చోడానికి బల్ల. నచ్చకపోతే రేపు విప్పేసి తీసుకుపోవచ్చు. ఇలాంటివి ఇప్పుడు చాలా నగరాల్లో కనిపిస్తున్నాయి, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ పనిచేసే తీరు చూస్తే దేని దారి దానిదే.

శాన్‌ఫ్రాన్సిస్కో కథ భలే ఉంటుంది. 2005లో రీబార్ అనే డిజైన్ బృందం పార్కింగ్ మీటర్లో చిల్లర వేసి, ఆ జాగాలో కారుకు బదులు పచ్చిక పరిచి, ఓ చెట్టు, ఓ బెంచీ పెట్టింది. రెండు గంటలయ్యాక అన్నీ సర్దుకుని వెళ్లిపోయారు. అద్దె కట్టాం కదా, ఏం పెట్టుకుంటే మీకేంటి అన్నట్టు! 2010 నాటికి నగరమే ఇలాంటి వాటికి అనుమతులిచ్చి పార్క్‌లెట్ అని పేరు పెట్టింది. కట్టడంలో కొంచెం నేర్పు కావాలి: చెక్క నేల ఫుట్‌పాత్ అంచుకు సరిగ్గా సమంగా రావాలి, లేకపోతే వీల్‌చైర్ ఎక్కదు, కింద మాత్రం వాననీళ్లు కాలవలోకి పోయేలా ఖాళీ వదలాలి. బరువైన తొట్లు బండ్లు వెళ్లే వైపు అడ్డుగా ఉంటాయి, అంటే అక్కడ మొక్కది గోడ పని కూడా.

దీంతో చిక్కల్లా ఖర్చుతోనే. కట్టించేదీ చూసుకునేదీ అడిగినవాళ్లే, అడిగేది ఎక్కువగా కాఫీ షాపులవాళ్లు. ఇక్కడ ఎవరైనా కూర్చోవచ్చని బోర్డు ఉంటుంది, నిజమే, కానీ కాఫీ షాపు ముందు ఏమీ కొనకుండా కూర్చోడానికి ఎంతమందికి మొహం చెల్లుతుంది? కోవిడ్ తర్వాత హోటళ్లు టేబుళ్లు వేసుకుని వడ్డించే రకం కూడా వచ్చింది. నా లెక్కలో అది హోటల్‌కి వచ్చిన అదనపు గది, అంతే.

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ వాళ్లు 2020లో స్ట్రీట్ మూవ్స్ పేరుతో ఇదే పనిని కిట్‌గా మార్చారు. ఒక్కో చెక్క ముక్క పార్కింగ్ కొలతలకు సరిపోతుంది, దానిమీద బల్ల, తొట్టి, సైకిల్ స్టాండు, ఆట వస్తువు, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. ఏది కావాలో ఆ వీధివాళ్లను, బడి పిల్లలను కూడా అడిగి పెట్టారు. ఇది నాకు బాగా నచ్చింది. పచ్చదనం మాత్రం తొట్లో ఎంత పడుతుందో అంతే, కిందికి నీడ రాదు.

నీడ కావాలంటే జర్మనీకి వెళ్లాలి. మ్యూనిక్‌లో గ్రీన్ సిటీ అనే సంఘం 1992 నుంచి చెట్లను పెద్ద తొట్లలో పెట్టి వీధి నుంచి వీధికి తిప్పుతోంది. చెట్టే లేని వీధికి కొన్ని వారాలు చెట్లొస్తాయి. జనం చేతులతో తోసుకుంటూ ఊరేగింపులా తీసుకొస్తారు, నీళ్లు పోసేది ఆ వీధివాళ్లే. ఇది తేలిక పని కాదు, తొట్టిలో వేరు కిందికి పోయి నీళ్లు వెతుక్కోలేదు, కాబట్టి ఎండాకాలంలో ఒక్క వారం ఎవరూ పట్టించుకోకపోతే ఆకు వాడిపోయి అందరికీ కనిపిస్తుంది. ఆ వంతుల గొడవలోనే పక్కింటివాళ్ల పేర్లు తెలుస్తాయి, మన రచ్చబండ దగ్గర కబుర్లు మొదలైనట్టే. తర్వాత అవి వెళ్లిపోతాయి. వీధి బోసిపోతుంది. అప్పుడు జనం మాకు ఇక్కడే చెట్లు నాటండి అని అడుగుతారు, ఈ పద్ధతికి అసలు బలం ఇదే. స్టుట్‌గార్ట్‌లో తొట్లకు బల్లలు కూడా కలిపి ఇదే చేస్తున్నారు.

ఇదే ఆలోచన నెదర్లాండ్స్‌లో మహా భారీగా జరిగింది. 2022లో లేవార్డెన్ నగరంలో వెయ్యికి పైగా చెట్లు చెక్క తొట్లలో వంద రోజులపాటు వీధుల్లో నడిచాయి. బ్రూనో డూడెన్స్, యూప్ ముల్డర్ అనే ఇద్దరు కళాకారుల ఆలోచన అది, ముల్డర్ మాత్రం చూడకుండానే 2021లో పోయారు. తోసింది వాలంటీర్లు. కొన్ని వీధుల్లో కార్లే బంద్. అయ్యాక చెట్లను నగరంలోనే నాటేందుకు ఇచ్చారు. చూడ్డానికి కన్నుల పండుగే, కానీ అంత డబ్బూ అంతమంది మనుషులూ ప్రతి ఊరికీ ఎక్కడ దొరుకుతారు? ఒక్క వేసవితో సరి.

అందుకే నా ఓటు మ్యూనిక్ పద్ధతికి. ఖర్చు తక్కువ, ఏటా చేయొచ్చు, పార్కింగ్ పోతోందని అరిచేవాళ్లకు కూడా కొన్ని వారాలే కదా అని చెప్పొచ్చు. మన ఊళ్లలో చేస్తే మే నెలలో మాత్రం వద్దు, తొలకరి తర్వాత కానుగో వేపో పెట్టి చూడాలి. చెక్కకు చెదల భయం ఉంది కాబట్టి కింద ఇనప చట్రం తప్పదు.

ఒక్కచోట మాత్రం నా మాట మారుతుంది. కింద పైపులూ కేబుళ్లూ కిక్కిరిసి గొయ్యి తీసే వీలే లేని వీధికి నెల రోజులు చెట్టు తెచ్చి చూపించడం అంటే ఉత్తినే ఊరించడమే. అలాంటి చోట స్వీడన్ కిట్టే నయం, అదీ హోటల్ ముందు కాదు, బడి ముందు.